జేర్, జబర్ లేని చదువు

మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి, "నానా, 'సీ' అనొద్దంట, 'క్' అనాలంట" అంది. కొత్తగా మొదలైన ఫోనిక్స్ పాఠమట. నాకు నవ్వొచ్చింది. ఈ హునర్ మన మక్తబుల్లో ఎప్పటినుంచో ఉన్నదే కదా!

ఉస్తాద్ ముందు ఊగుతూ "బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు" అని మనం హిజ్జే చేయలేదా? హిజ్జే కుదిరాకే రవాఁ. తెలుగు బడిలోనూ "కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు" అనేవాళ్లం. హర్ఫ్ పేరు తెలిస్తే చాలదు, అది పలికే ధ్వని రావాలి.

ఈ జేర్, జబర్‌ల వెనుక పెద్ద తారీఖ్ ఉంది. తొలినాటి ముస్‌హఫ్‌లలో ఇవి లేవు. జుబాన్ తమదే కాబట్టి అరబ్బులకు వీటి జరూరత్ పడలేదు. అరబ్బులు కానివాళ్లు ఇస్లాంలోకి వచ్చాక తిలావత్‌లో తప్పులు దొర్లసాగాయి. అప్పుడు బస్రాకు చెందిన అబుల్ అస్వద్ రంగు చుక్కలు పెట్టారని రివాయత్. 8వ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ వాటికి ఇప్పటి రూపం ఇచ్చారు. అంటే ఇవి ఆ జుబాన్ ఇంట్లో లేనివాళ్లకు దొరికిన సహారా.

నిజాం రియాసత్‌లో తెలుగు పిల్లలకు ఆ సహారా దొరకలేదు. పై తరగతులు ఉర్దూలోనే, చాలాచోట్ల కింది తరగతులూ అంతే. ఉర్దూ కితాబుల్లో జేర్, జబర్ సాధారణంగా అచ్చు వేయరు. అలిఫ్, సీన్ కలిపి రాస్తే 'ఇస్' కావచ్చు, 'ఉస్' కావచ్చు. ఒకటి 'ఈ', ఇంకొకటి 'ఆ'. ఇంట్లో ఉర్దూ ఉన్న పిల్లవాడు మతలబ్ పట్టుకుని చదివేస్తాడు. లేనివాడు ఆగిపోతాడు. దేవరకొండ తాలూకాలో చదివిన మా దాదా చెప్పేవారు: పక్కన కూర్చున్న తెలుగు దోస్తు అలా ఆగినప్పుడల్లా బెత్తం దెబ్బే. "వాడు నాకంటే తెలివైనోడు బేటా" అనేవారు.

అదే దేవరకొండలో 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ రెండోసారి జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ మహాసభ డిమాండ్లలో ఒకటి. దాన్ని ఉర్దూ మీద దుష్మనీ అనుకున్నవాళ్లు మనలో ఉన్నారు. దాదా మాట విన్నాక నేనలా అనుకోలేను.

2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇప్పుడు ఆగిపోయేది మన పిల్లలే. ఫోనిక్స్ నోరు తిప్పుతుంది, మతలబ్ ఇవ్వదు. నాజిరా ఖతం చేసి కూడా మానీ తెలియని మనకు ఈ తేడా వేరే చెప్పాలా?

మనవరాలు 'హెన్' అని చక్కగా చదివింది. "అంటే ఏంది బేటా?" అన్నాను. తెల్వదంది. వాకిట్లో తిరిగేదాన్ని చూపించాను.

"ముర్గీనా! కోడినా!" అని మళ్లీ కితాబు తెరిచింది.

ఆ ఒక్క సవాల్ రోజూ ఇంట్లో మనమే అడగాలి.