మోచేయి విరిగితే ఏ ఆపరేషన్, ఎవరికి?

మోచేయి అంటే మూడు ఎముకలు కలిసే కీలు. పైన జబ్బ ఎముక, కింద ముంజేతిలో అల్నా, రేడియస్. వీటిలో ఏది విరిగింది, ఎంత జరిగింది అన్నదాన్నిబట్టే చికిత్స ఉంటుంది. పక్కింటి పిల్లాడికి కట్టుతోనే తగ్గింది కాబట్టి మనవాడికీ తగ్గుతుందనుకోవద్దు.

పిల్లల్లో

పతంగి ఎగరేస్తూనో, సైకిల్ మీంచో పడి అరచెయ్యి నేలకు ఆనిస్తే, మోచేతికి కాస్త పైన జబ్బ ఎముక విరుగుతుంది. ఇది 5 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. ఎముక పక్కకు జరగకపోతే సుమారు 3 వారాల పిండికట్టు చాలు. పూర్తిగా జరిగిపోతే మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముకను సరిచేసి, చర్మం గుండా సన్నని కె-వైర్లు గుచ్చుతారు. పెద్ద కోత ఉండదు. 3, 4 వారాలకు వైర్లు తీసేస్తారు. ఎముక అలా కుదురుకోకపోయినా, రక్తనాళం దెబ్బతిన్నా కోసి చేయాల్సి వస్తుంది.

పెద్దల్లో

మోచేతి వెనక తగిలే గట్టి కొన విరిగి విడిపోతే రెండు వైర్లు పెట్టి, 8 అంకె ఆకారంలో తీగ బిగిస్తారు. ముక్కలు ఎక్కువైతే ప్లేటు వేస్తారు.

జబ్బ ఎముక కింది భాగం కీలులోకి విరిగితే వెనకవైపు కోత పెడతారు. చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నరాన్ని ముందుగా గుర్తించి కాపాడుకుంటూ, సాధారణంగా రెండు ప్లేట్లు బిగిస్తారు. ఎముకలు బాగా గుల్లబారిన వృద్ధుల్లో కొందరికి కృత్రిమ కీలు అమరుస్తారు. ఆ తర్వాత ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు.

రేడియస్ తల విరిగి పక్కకు జరిగితే బయటి పక్క నుంచి వెళ్లి స్క్రూలు వేస్తారు. నుజ్జయితే లోహపు తల పెడతారు.

ఆలస్యం చేస్తే

వాచిన మోచేతికి నాటు కట్టు బిగిస్తే రక్తం ఆడక ముంజేతి కండరాలు చచ్చిపోయి, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే బిడ్డ కెవ్వుమన్నా తెల్లారేదాకా ఆగకండి. పిండికట్టు వేయించాక కూడా ఇవే చూసుకోవాలి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి.

ఆపరేషన్ తర్వాత

మోచేయి తొందరగా బిగుసుకుపోయే కీలు. అందుకే పెద్దలకు డాక్టర్లు వీలైనంత త్వరగా కదలికలు మొదలుపెట్టిస్తారు. నూనె మాలిష్ చేయించడం, బలవంతంగా వంచడం వద్దు. కీలు చుట్టూ కొత్త ఎముక పెరిగి ఇంకా బిగుసుకుపోవచ్చు.

కట్టు ఉన్నన్నాళ్లు దాన్ని తడవనివ్వకూడదు. వుజూలో కట్టు మీద తడిచేత్తో మసహ్ చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉంది, వివరాలు మీ ఆలిం సాహెబ్‌ను అడగండి. సజ్దాలో ఆ చేతి మీద బరువు ఎప్పటినుంచి మోపవచ్చో మాత్రం డాక్టరే చెప్పాలి.