డబ్బిచ్చి రాయించిన రాతకు ముద్ర ఎలా పడింది?

సొమ్ము పుచ్చుకుని రాసినదాన్ని వార్తలా వేయడం ఇంటర్నెట్‌తో మొదలైన అలవాటు కాదు. అమెరికా పత్రికలు ఆ పని ఇష్టారాజ్యంగా చేస్తుంటే 1912లో అక్కడి కాంగ్రెస్ కళ్లెం వేసింది. చౌక తపాలా రేటు కావాలంటే, డబ్బు తీసుకుని వేసిన ప్రతి వ్యాసం మీదా ‘ప్రకటన’ అని అచ్చేయాల్సిందేనంది. పత్రికల వాళ్లు సుప్రీంకోర్టుకెక్కి 1913లో అక్కడా ఓడిపోయారు.

వెబ్ వచ్చాక పాఠకుడితో పాటు సెర్చ్ ఇంజిన్ కూడా మోసపోవడం మొదలైంది. ఒక పేజీకి ఎందరు లింకు ఇచ్చారన్నది గూగుల్‌కు ఆ పేజీ విలువ చెప్పే సాక్ష్యం. దాంతో లింకుల బేరం పుట్టుకొచ్చింది.

2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ కలిసి ‘నోఫాలో’ గుర్తును తెచ్చాయి. కామెంట్లలో చెత్త లింకులు గుప్పించేవారిని అడ్డుకోవడం దాని మొదటి పని. తర్వాత కొనుక్కున్న లింకులకూ అదే పెట్టమంది గూగుల్. 2019 సెప్టెంబరులో వాటికోసమే ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు వచ్చింది. లింకు కోడ్‌లో ఈ ఒక్క మాట చేరిస్తే చాలు, ఆ లింకు మెచ్చుకోలు కాదని యంత్రానికి తెలుస్తుంది.

పెట్టకపోతే? 2013 ఫిబ్రవరిలో బ్రిటన్ పూల వ్యాపార సంస్థ ఇంటర్‌ఫ్లోరా, పేరు పెట్టి వెతికినా గూగుల్‌లో కనిపించకుండా పోయింది. అక్కడ మదర్స్ డే దగ్గరపడుతున్న రోజులవి, పూలకు మంచి గిరాకీ. ప్రాంతీయ పత్రికల సైట్లలో ఆ సంస్థ డబ్బిచ్చి వేయించిన వ్యాసాలను పరిశీలకులు బయటపెట్టారు. లింకులు అమ్ముకోవద్దని గూగుల్ కూడా ఆ సమయంలోనే హెచ్చరించింది. పదకొండు రోజులకు గానీ ఇంటర్‌ఫ్లోరా మళ్లీ కనిపించలేదు. అంతకుముందు ఏడాది ప్రచార వ్యాసాల గొడవలో గూగుల్ తన క్రోమ్ పేజీనే సెర్చ్‌లో వెనక్కి నెట్టింది. సొంత సరుకునూ వదలకపోవడం మెచ్చుకోదగ్గ పని.

సంబంధం లేని సైట్లు ఒకే పదాలతో ఒకే చోటికి లింకులిస్తుంటే గూగుల్‌కు అనుమానం మొదలవుతుంది. 2022 డిసెంబరు నుంచి లింకులు కొనే సైట్లనూ, అందుకోసమే నడిపే సైట్లనూ పట్టే పనిని గూగుల్ ‘స్పామ్‌బ్రెయిన్’ అనే కృత్రిమ మేధకు అప్పగించింది. మనుషుల తనిఖీ ఎలాగూ ఉంది.

అయితే కోడ్‌లోని గుర్తు పాఠకుడి కంటపడదు, అతనికి విడిగా చెప్పాల్సిందే. మన దేశంలో ఎన్నికల వేళ పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ 2009లో వేసిన ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒక సభ్యుడు. ఇన్‌ఫ్లుయెన్సర్లు ప్రకటనను ప్రకటనగానే చెప్పాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ నిర్దేశించాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా పడుతుంది. డబ్బు తీసుకున్న సంగతి దాచి వస్తువును పొగిడే వీడియో మీ కంటపడితే ఊరుకోకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.