ఉత్తర తెలంగాణ ఆశ్రిత గాయకుల వాద్యాలు: వ్యాప్తి, విరళత

ఉపోద్ఘాతం

పత్తి మార్కెట్టుకు పేరుపొందిన జమ్మికుంట కాజీపేట–బల్లార్షా రైలుమార్గంపై ఉన్న పట్టణం. 1929లో పూర్తయిన ఈ మార్గానికి దక్షిణపు కొసన కాకతీయుల ఓరుగల్లు, ఉత్తరాన ఆసిఫాబాదు ప్రాంతపు రాజగోండుల గూడేలు ఉన్నాయి. ఈ రెంటి నడుమ విస్తరించిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు వాద్యవైవిధ్యానికి నెలవులు. డప్పు, డోలు ఇక్కడ చిన్నపిల్లలకు సైతం పరిచితమైనవి. జమిడికను, కిక్రిని మాత్రం చూసినవారు తక్కువ. ఒక వాద్యం నలుగురిలో నిలవడానికి, మరొకటి అరుదు కావడానికి వాయించడంలోని కష్టసాధ్యత కారణంగా తోచవచ్చు. అయితే ఆయా వాద్యాల చరిత్రను పరిశీలిస్తే, వాయించేవారికీ వినేవారికీ మధ్య గల ఆశ్రయ సంబంధమే నిర్ణాయకమని తేలుతుంది. ఆ సంబంధాన్ని దాటి కొత్త శ్రోతలను పొందిన వాద్యాలు వ్యాపించాయి. దానితోనే ముడివడి ఉన్నవి క్షీణించాయి.

వాద్యమే గుర్తింపు

శాస్త్రీయ సంగీతం అభ్యసించేవారు వీణనో మృదంగాన్నో తమ అభిరుచిని బట్టి ఎంచుకోవచ్చు. ఆశ్రిత కులాల సంప్రదాయంలో వాద్యం వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. పేరు కూడా దానినుంచే వస్తుంది. ఒగ్గు అంటే శివుని డమరుకం. దానిని ధరించి మల్లన్న, బీరప్ప కథలు చెప్పేవారు ఒగ్గువారు. రుంజ వాయిస్తూ విశ్వకర్మ పురాణం చెప్పేవారు రుంజవారు. శారద అనే తంబురా మీటుతూ, బొటనవేలి అందెతో తాళం వేస్తూ కథ చెప్పేవారు శారదకాండ్రు. ఇక్కడ కళాకారుణ్ణి ఏ వాద్యం వాయిస్తావని అడగడం, నీదే కులం, నీవు ఎవరికి కథ చెబుతావు అని అడగడంతో సమానం. రుంజవారికి విశ్వబ్రాహ్మణులు, డక్కలివారికి మాదిగలు, పర్ధానులకు రాజగోండులు దాతలు. ఆ ఇళ్ల ముంగిట కథ చెప్పి ప్రతిఫలం పొందడం వారి హక్కు. వారిని ఆదరించడం దాతల బాధ్యత.

జమిడిక: అవిచ్ఛిన్న పరంపర

బైండ్లవారు ఎల్లమ్మ కథకు వాయించే జమిడిక నిర్మాణంలోనే విలక్షణమైనది. గుండ్రని గొట్టానికి ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యనుంచి నరపు తీగను లాగి కడతారు. తీగను బిగిస్తూ, వదులుతూ మీటితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. అందువల్ల ఇది తంత్రీవాద్యంగానూ చర్మవాద్యంగానూ వినిపిస్తుంది. ఓరుగల్లు వీధులను వర్ణించిన ‘క్రీడాభిరామం’లో ఏకవీరాదేవి ఎదుట పరశురాముని కథలు పాడే బవనీల గాయకుడు కనిపిస్తాడు. నేటి బైండ్లవారు చెప్పే ఎల్లమ్మ కథ కూడా రేణుకా పరశురాముల కథే. ఉత్తరాంధ్రలోని జముకు, మహారాష్ట్రలో ఎల్లమ్మ పాటలకు వాయించే చౌండకం ఈ వాద్యానికి బంధువులు. ఇంతటి వ్యాప్తి, ప్రాచీనత ఉన్నప్పటికీ జమిడిక ఎల్లమ్మ కొలుపును దాటి ఇతర సందర్భాలలోకి పెద్దగా వెళ్లలేదు. కొలుపు ఉన్నచోట అది బతికి ఉంది. కొలుపు తగ్గినచోట దాని అవసరం తీరిపోయింది.

డోలు, డప్పు: కొత్త శ్రోతలు

ఒగ్గుకథది భిన్నమైన మార్గం. పట్నాలు వేసే పూజావిధిలో భాగమైన ఈ కళలో డోలు, తాళం, కంజిర, నపీర సహకార వాద్యాలు. వేములవాడ సమీపంలోని హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు, జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య వంటి కథకులు దీనిని దాతల ముంగిటినుంచి సభావేదికలకు తెచ్చారు. క్రమంగా ఒగ్గుడోలు కథతో పనిలేకుండానే ఊరేగింపులలో ప్రదర్శించే విన్యాసంగా ఎదిగింది. డోలు విస్తరించింది. అయితే అది వెంట ఉండి నడిపిన సుదీర్ఘ కథ ఆ విస్తరణలో వెనుకబడింది.

డప్పు చరిత్ర మరింత సంక్లిష్టం. కర్ర చట్రానికి తోలు బిగించి, మంట సెగకు కాచి, సిర్ర, సిటికెనపుల్లలతో వాయించే ఈ వాద్యం చావుకూ జాతరకూ చాటింపుకూ తప్పనిసరి. ఆ తప్పనిసరితనం వెట్టిచాకిరిలో భాగం. 1970లలో కరీంనగర్ రైతాంగ పోరాటాల కాలంలో జననాట్యమండలి వంటి బృందాలు డప్పును రాజకీయ వేదికపై నిలిపాయి. 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమం చాటింపునే తన పేరుగా స్వీకరించింది. తెలంగాణ ఉద్యమపు ధూంధాంలలో డప్పు లేని సభ లేదు. మరోవైపు, చావుడప్పు కొట్టబోమని నిరాకరించడాన్ని దళితులు ఆత్మగౌరవ ప్రకటనగా భావించారు. ఒకే వాద్యాన్ని పట్టుకోవడమూ వదిలివేయడమూ విముక్తికి గుర్తులయ్యాయి. కాబట్టి వాద్య పరిరక్షణను నిర్వివాదమైన మేలుగా పరిగణించడానికి వీలులేదు. ఏ షరతులపై, ఎవరి ఇష్టంతో అన్నది తేలాలి.

కిక్రి: వంశచరిత్రకు ఆధారం

కిక్రి మూడు తీగలు గల కమాను వాద్యం. దీనిని పర్ధానులు, తోటీలు వాయిస్తారు. రాజగోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా విభజితులు. ఆయా సగల ఉత్పత్తి గాథలను పెర్సాపేన్ పూజలో కిక్రిపై గానం చేయడం పర్ధానుల విధి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాతి సంవత్సరాలలో ఈ ప్రాంతంలో పరిశోధించిన హైమన్‌డార్ఫ్, 1948లో వెలువరించిన రాజగోండుల అధ్యయనంలో ఈ గాథలకు ప్రముఖ స్థానమిచ్చాడు. లిపిబద్ధం కాని సమాజంలో పర్ధాను గానమే చరిత్ర. దండారిలో మోగే డోలు, పేప్రె, కాలికోం సామూహిక నృత్యానికి తోడ్పడేవి కనుక గుస్సాడీతో పాటు బయటి వేదికలెక్కాయి. గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. గోండి గాథ తెలిసిన శ్రోతలు ఎదుట లేకపోతే కిక్రి గానానికి అర్థం మిగలదు. దాని విరళతకు మూలం ఇక్కడే ఉంది.

ముగింపు

2022లో పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు, కోయ డోలి గాయకుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ పురస్కారాలు లభించడంతో అరుదైన వాద్యాలపై ఆసక్తి పెరిగింది. ఈ ఆసక్తి వ్యక్తుల వద్ద, వస్తువుల వద్ద ఆగిపోరాదు. ధ్వనిని రికార్డు చేసి, వాద్యాన్ని ప్రదర్శనశాలలో ఉంచినంత మాత్రాన పని పూర్తికాదు. ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో, ఏ ప్రతిఫలానికి వాయించారు, ఏ కథను వినిపించారు, దానిని ఎందుకు మానుకున్నారు అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. జమ్మికుంట వంటి పట్టణాల కళాశాలలకు ఈ కులాల యువతరం చదువుకోవడానికి వస్తున్నది. వారి ఇళ్లలోని పెద్దలు ఉండగానే వారిచేతనే ఈ సేకరణ జరిగితే, వాద్యంతో పాటు దాని వెనుక ఉన్న చరిత్ర కూడా దక్కుతుంది.