వ్యాకరణం ఎవరు చేశారు?

విడీ ఘర్కుల్‌లో ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. మనకు ‘మనం’, ‘మేము’ వేరు. మరాఠీలోనూ ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ వేరు. హిందీలో రెంటికీ ‘హమ్’ ఒక్కటే. ఇది ద్రావిడ భాషల పొరుగు ప్రభావమని పండితుల అభిప్రాయం.

సాంగ్లీ జిల్లా కుప్వార్‌లో కన్నడ, మరాఠీ, ఉర్దూల వాక్యనిర్మాణం దాదాపు ఒకటైందని గంపర్జ్, విల్సన్ 1971లో చూపారు. మాటలు మాత్రం వేటికవే.

2001లో సైమన్ కర్బీ కంప్యూటర్‌లో ఒక తరం మాటలను మరో తరానికి నేర్పించారు. ప్రతి తరమూ వినేది కొంచెమే. మిగతాది తానే కల్పించుకోవాలి. క్రమంగా, ఎవరూ నిర్ణయించకుండానే, నియమాలు ఏర్పడ్డాయి. నేర్వగలిగిన రూపమే నిలిచింది.

కనుక మన పిల్లల తెలుగులో మరాఠీ పోకడ కనిపిస్తే తప్పని కొట్టిపారేయకండి. అయితే, వినిపించని భాషకు వారసులుండరు. ఇంట తెలుగు మాట్లాడండి.