మౌనం అంగీకారమవుతుందా?



న్యాయమూర్తి పుట్టిన ఇల్లు, పెరిగిన తీరు, చూసిన లోకం తీర్పులో కనపడవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కరలేదు. ఒకప్పటి మన చంద్రపూర్ జిల్లాలోని దేశాయిగంజ్ దాకా పోతే చాలు. 1982 నుంచి ఆ ఊరు గడ్చిరోలి జిల్లాలో ఉన్నది.

1972 మార్చి 26 రాత్రి, తల్లిదండ్రులు లేని ఒక ఆదివాసీ కూలి పిల్ల, అన్న ఇచ్చిన ఫిర్యాదు విషయమై అక్కడి పోలీసు ఠాణాకు వెళ్లింది. మిగిలినవారిని బయటికి పంపి, తనను లోపలే ఆపి, ఒక పోలీసు అత్యాచారం చేశాడనీ, మరొకడు అసభ్యంగా ప్రవర్తించాడనీ ఆమె చెప్పింది.

1974లో సెషన్స్ కోర్టు ఆమెను నమ్మలేదు. సమ్మతితోనే జరిగిందని నిందితులను విడిచిపెట్టింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ తీర్పును తిరగవేసింది. భయంతో లొంగడం వేరు, సమ్మతించడం వేరు అని చెప్పి, ఒకరికి అయిదేళ్లు, మరొకరికి ఏడాది శిక్ష విధించింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేసిందన్న మాట నమ్మదగినది కాదు, కనుక బలవంతం రుజువు కాలేదన్నది.

సాక్ష్యం ఒకటే, చట్టం ఒకటే. మారినదల్లా ఒక పిల్ల మౌనానికి చెప్పుకున్న అర్థం. మౌనం అర్ధాంగీకారం అని మనం పెళ్లిచూపుల దగ్గర అంటాం. అర్ధరాత్రి ఠాణాలో, ఖాకీ బట్టల ముందు, దిక్కులేని పిల్ల మౌనానికి కూడా అదే అర్థమా? దీనికి జవాబు అప్పటి చట్టంలో రాసి లేదు. న్యాయమూర్తి తానెరిగిన లోకం నుంచే తెచ్చుకోవాలి.

అలాగని మగవారు గనుక అలా తీర్పు చెప్పారనడం తొందరపాటు. సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ వచ్చింది 1989లో. 1976 నాటి బొంబాయి హైకోర్టులోనూ మహిళలు లేరు. అయినా లొంగుబాటుకూ సమ్మతికీ తేడా అక్కడి న్యాయమూర్తులు గుర్తించారు.

1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వారిలో ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు. దేశమంతటా మహిళలు కదిలారు. తీర్పు మారలేదు, చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో లైంగిక సంబంధం రుజువై, తాను సమ్మతించలేదని స్త్రీ కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలని 1983లో నిబంధన వచ్చింది. 2024లో అమలైన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉన్నది. బాధితురాలి పేరు ప్రచురించరాదన్న నియమమూ 1983లోనే వచ్చింది. అందుకే దేశమంతా ఎరిగిన ఆ పేరు ఇక్కడ చెప్పడం లేదు.

న్యాయమూర్తి తనవారి వైపు మొగ్గితే అది పక్షపాతం. ఎదుటివారి బతుకు అర్థం చేసుకోవడానికి తన అనుభవాన్ని వాడితే అది వివేకం. ఏది పక్షపాతమో, ఏది వివేకమో తేలాలంటే కారణాలు తీర్పులో రాసి ఉండాలి, వాటిని నలుగురూ పరీక్షించాలి. ఆ పీఠం మీద రకరకాల బతుకులు ఎరిగినవారూ ఉండాలి. ఠాణా గడప తొక్కడానికి భయపడేవారి మౌనం అప్పుడే సరిగా వినపడుతుంది.