బొమ్మ మెడ మీది ముద్ర ఎంతవరకు సాక్ష్యం?

పాత ఫ్రెంచి బిస్క్ బొమ్మ వేలానికి వచ్చినప్పుడు అందరూ ముందుగా జుట్టు ఎత్తి మెడ వెనక ముద్ర కోసం వెతుకుతారు. జ్యుమో, బ్రూ, స్టైనర్ వంటి తయారీ సంస్థల పేర్లలో ఏది కనబడినా ధర లేస్తుంది. అయితే ఆ ముద్ర చెప్పేది తల గురించి మాత్రమే.

బిస్క్ అంటే మెరుగుపూత లేకుండా కాల్చిన పింగాణీ. దాని మీద చర్మపు ఛాయ, కనుబొమలు, పెదవులు దిద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. ఒళ్లు వేరే పని. కొన్నింటికి మేకతోలులో పొట్టు కూరి కుట్టేవారు, కొన్నింటికి కాగితపు గుజ్జుతో కీళ్లున్న అవయవాలు పోసేవారు. తలా ఒళ్లూ ఒకే కార్ఖానాలో పుట్టాలన్న నియమం లేదు. గోతియే కార్ఖానా తన తలలను పారిస్‌లోని ఎన్నో బొమ్మల సంస్థలకు అమ్మింది. కాబట్టి గోతియే వారి ఎఫ్.జి. ముద్ర ఉన్న తల వేరే సంస్థ ఒంటి మీద ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు. అలాగే తలా ఒళ్లూ ఒకే సంస్థవి అయినంత మాత్రాన అవి మొదటినుంచీ కలిసే ఉన్నాయనలేం. పిల్లలు తల పగలగొడితే కొత్త తల అతికించి ఇచ్చే మరమ్మతు దుకాణాలు ఆ కాలంలోనే ఉండేవి.

కాలనిర్ణయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. జ్యుమో సంస్థకు 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఆ సంగతి చెప్పే ముద్ర బొమ్మల ఒంటి మీద వేశారు. ఆ ముద్ర ఉన్న ఒళ్లు 1878కి ముందుది కాదన్నంత వరకే నిశ్చయం. తరువాత ఎన్నేళ్లకు తయారైందో అది చెప్పదు. అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం 1891లో అమలైంది. దేశం పేరు లేని బొమ్మ అంతకు ముందుదేనని కొందరు వర్తకులు తేల్చేస్తారు. ఫ్రాన్స్‌లోనే అమ్ముడైన బొమ్మకు ఆ నియమంతో పనేమిటి? ఎస్.జి.డి.జి. అన్న అక్షరాలదీ అంతే. 1844 పేటెంటు చట్టం ప్రకారం ప్రభుత్వం ఆవిష్కరణను పరీక్షించకుండానే పేటెంటు ఇచ్చేది. ప్రభుత్వ పూచీ లేదని తెలిపే గుర్తు అది. నాణ్యతకు సర్టిఫికెట్ కాదు.

1899లో జర్మన్ పోటీని తట్టుకోలేక జ్యుమో, బ్రూ సహా పలు సంస్థలు కలిసి ఎస్.ఎఫ్.బి.జె. అనే ఒకే సంస్థగా ఏర్పడ్డాయి. ఆ సంస్థ వాడిన తలల్లో కొన్ని జర్మనీలోని సైమన్ అండ్ హాల్‌బిగ్ నుంచి వచ్చాయి. అప్పటి బొమ్మను నిక్కమైన ఫ్రెంచిదనే ముందు ఒక్క క్షణం ఆగాలి.

శిల్పి పేరు విషయంలో సాక్ష్యాల బలంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పొడుగు ముఖపు జ్యుమో బొమ్మను శిల్పి కారియే-బెల్యూజ్ మలిచాడని చాలాకాలంగా చెబుతున్నారు. తల మీద ఆయన సంతకం లేదు. దీన్ని ఆపాదనగానే ఉంచాలి. 1910ల నాటి, శిల్పి ఆల్బర్ మార్క్ మలిచిన అరుదైన బొమ్మకు మాత్రం తల మీదే ఆయన పేరు చెక్కి ఉంటుంది.

నా దృష్టిలో ముద్ర కన్నా తల లోపలి భాగమే నమ్మదగింది. తొలినాటి తలల్లో మట్టిని చేత్తో అచ్చులోకి అదిమేవారు గనుక లోపల ఎగుడుదిగుడుగా ఉంటుంది. తరువాత పలుచని మట్టి పోసి చేసినవి నునుపు. లోపల దీపం పెడితే బయటికి కనబడని సన్నని బీటలు తెలుస్తాయి. అతినీలలోహిత కాంతిలో, కాల్చకుండా పైన పూసిన మరమ్మతు రంగు చాలాసార్లు వేరుగా కనిపిస్తుంది. పాత తల నుంచి అచ్చు తీసి చేసిన నకలు మట్టి కాలినప్పుడు కుంచించుకుపోయి అసలు కంటే చిన్నదవుతుంది. ముద్రనూ సైజు అంకెనూ నకలు చేయవచ్చు, ఈ తగ్గుదలను దాచడం కష్టం. అందుకే అదే అచ్చుకు చెందిన నిర్ధారిత బొమ్మ కొలతలతో పోల్చి చూడాలి.

ఇవన్నీ పరీక్షించగలగాలంటే బొమ్మ దొరికిన స్థితిలోనే ఉండాలి. అమ్మకానికి ముందు ముఖం తోమడం, చిరిగిన గౌను పారేసి కొత్తది తొడగడం, జుట్టు మార్చడం నాకు తీవ్రమైన నష్టంగా కనిపిస్తాయి. మార్చక తప్పనప్పుడు తీసేసిన బూట్లను, కుట్లు ఊడిన బట్టను, నెత్తిమీది బెరడు మూతను బొమ్మతోపాటే భద్రపరిచి, ఏది ఎప్పుడు మార్చారో రాసి పెట్టాలి.