విశాఖలో ఇళ్ల స్థలాలు – కాగితం బరువు

విశాఖపట్నం కార్ఖానాలతో పెరిగిన ఊరు. 1933లో హార్బరు తెరిచారు. 1941లో షిప్‌యార్డుకు, 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపనలు జరిగాయి. నడుమ 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. పనికోసం వచ్చిన జనానికి తల దాచుకోను చోటు కావాలి గదా! గాజువాక వైపు పొలాలు గజాల లెక్కన అమ్మకానికొచ్చాయి.

1976లో పట్టణ భూపరిమితి చట్టం మిగులు భూముల అమ్మకాన్ని కట్టడి చేసింది. అయినా అగ్రిమెంటు, రసీదు చేతిలో పెట్టి సొమ్ము తీసుకున్నవారున్నారు. ఇచ్చినవారు కూలీలు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఉత్త అగ్రిమెంటుతో స్థలం మనదైపోదు. రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. భూపరిమితి చట్టం మన రాష్ట్రంలో 2008లో తొలగిపోయింది. దస్తావేజు నియమం మాత్రం అలాగే ఉంది. లేఔట్లకు అనుమతులిచ్చేందుకు ఏర్పడిన వుడా 2018లో వి.ఎం.ఆర్.డి.ఏ. అయింది.

దస్తావేజు, రసీదు, కబ్జా – ఇవన్నీ మన ఉర్దూ పుస్తకాల్లోని మాటలే. ఉర్దూలో కబ్జా అంటే స్వాధీనం; తెలుగులో ఆక్రమణ అయి కూర్చుంది. కాగితం సరిగా లేని స్థలానికి ఈ రెండో అర్థమే పడుతుంది.

సోదరులారా, బయానా ఇచ్చే ముందు ఈ.సి. తీయించండి. లింకు దస్తావేజులు, లేఔట్ అనుమతి చూడండి. తెలుగు చదవడం రాకపోతే సిగ్గుపడనక్కరలేదు, ఇంట్లో చదువుకున్న ఆడపిల్లచేత చదివించి వినండి.